ఎరుపు చివర చూడు

చిరంజీవి మనవరాలికి,



మీ కాలేజీ వెనక తోపులో గొంతు ఎర్రగా ఉన్న చిన్న పిట్టను చూశానని, మళ్లీ ఎంత వెతికినా కనబడలేదని రాశావు. అది నీ ఎదుటే తిరుగుతూ ఉండొచ్చు తల్లీ. నువ్వు ఎరుపు కోసమే వెతుకుతున్నావు.

నీ వర్ణనను బట్టి అది రెడ్ బ్రెస్టెడ్ ఫ్లైక్యాచర్. తూర్పు యూరప్ నుంచి పశ్చిమ సైబీరియా దాకా ఉన్న అడవుల్లో పిల్లల్ని పెంచి, అక్కడ చలికి పురుగులు కరువయ్యే వేళకు మన దేశం చేరుతుంది. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో వచ్చి మార్చి, ఏప్రిల్‌లో తిరిగి వెళ్తుంది. పిచ్చుక కంటే చిన్నది, పొడవు 11–12 సెంటీమీటర్లు. ఎర్రగొంతు ఎదిగిన మగపిట్టకే ఉంటుంది. ఆడవీ, తొలి చలికాలం గడిపే మగవీ పైన మట్టిరంగు, కింద మురికి తెలుపు. రంగుతో మొదలుపెడితే వాటన్నిటినీ వదిలేసుకుంటావు.

అందుకే ముందు చెవి పెట్టు. ఎండిన దిరిసెన కాయను ఊపినట్టు ‘ట్ర్‌ర్‌ర్’ మంటుంది. ఆ వైపు చెట్ల నీడలో, కింది కొమ్మల్లో చూడు. రివ్వున ఎగిరి పురుగును పట్టి మరో కొమ్మ మీద వాలుతుంది. ఒక్కోసారి నేల మీదికీ దిగుతుంది. వాలగానే రెక్కలు కాస్త జార్చి, తోక పైకెత్తుతుంది. అప్పుడు తోక చూడు. నల్లటి తోకకు మొదట్లో రెండు పక్కలా తెల్లమచ్చలుంటాయి. ఆడా మగా, చిన్నా పెద్దా అన్నిటికీ ఉండే గుర్తు ఇదే. మన తోపుల్లో ఏడాది పొడవునా ఉండే టికెల్స్ బ్లూ ఫ్లైక్యాచర్‌ తోకలో ఈ తెలుపు ఉండదు.

అయితే మన రెడ్ బ్రెస్టెడ్ పిట్టకు దగ్గరి బంధువైన టైగా ఫ్లైక్యాచర్‌కు కూడా ఇవే మచ్చలున్నాయి. మన ఈశాన్య రాష్ట్రాల్లో అది ఎక్కువ. దాని ముక్కు పూర్తిగా నలుపు. దీనికి కింది ముక్కు మొదలు లేతరంగు. టైగాకు తోక మొదలును కప్పే పై ఈకలు తోక కంటే చిక్కటి నలుపు. టైగా మగపిట్టకు చలికాలంలో గొంతు ఎరుపు పోతుంది, దీనికి ఏడాదంతా నిలుస్తుంది. కనుక నడిశీతాకాలంలో నిండుగా ఎర్రగొంతు కనిపిస్తే అనుమానం దాదాపు తీరినట్టే.

పుస్తకం తెరవకముందే కూత, నడత, తోక, ముక్కు, గొంతు, ఇదే వరుసలో నోటుబుక్కులో రాసుకో. పేరు ముందు తెలిస్తే కన్ను దానికి తగ్గట్టే చూస్తుంది. ముక్కు సరిగా కనబడని రోజు ‘రెంటిలో ఏదో ఒకటి’ అని రాయి. తప్పు పేరు కంటే ఆ మాటే రేపు నీకు పనికొస్తుంది.

ప్రేమతో,
తాతయ్య