జాకీ కొనువాని హక్కులు

ఖమ్మము నుండి కొత్తగూడెము, పాల్వంచల మీదుగా సాగి, గోదావరిని దాటి భద్రాచలము చేరి, అచటినుండి చింతూరు మీదుగా ఛత్తీస్‌గఢ్‌లోని కుంట వైపు పోవు రహదారిపై, ఊళ్ళు వెనుకబడి అడవి ఆరంభమైన పిమ్మట మెకానిక్కు షాపులు మిక్కిలి అరుదుగా నుండుటచేత, ఈ ప్రాంతమున కారో, జీపో, ట్రాలీ ఆటోయో కలిగిన గృహస్థు తన యింటి ప్రక్క రేకుల షెడ్డులో ఒక మంచి జాకీని ఉంచుకొనుట విలాసము కాదు, అవసరము. టైరు విప్పుటకును, బ్రేకులు చూచుకొనుటకును, బండి క్రింది భాగమున అంటిన బురద కడుగుటకును, బండితో వచ్చిన కత్తెర జాకీ చాలదని గ్రహించినవారు చక్రములు గల హైడ్రాలిక్ ట్రాలీ జాకీని కొనుచున్నారు. కాని కొనునపుడు ధర యొక్కటియే విచారించి, రసీదు సైతము అడుగక, ఆటోలో వేయించుకొని ఇల్లు చేరువారే యెక్కువ. ఆ యినుప పనిముట్టుపై మనుష్య ప్రాణము ఆధారపడియున్నదనియు, దానికి డబ్బు చెల్లించిన క్షణముననే చట్టము తమకు కొన్ని హక్కులను సంక్రమింపజేసినదనియు వీరిలో అనేకులు ఎరుగరు. నా యభిప్రాయమున ఈ రెండును విడదీయరాని సంగతులు. ఏలయన మంచి జాకీని గుర్తించుటకు ఏ యే చిహ్నములను పరిశీలింపవలయునో, రేపు వివాదము పుట్టినపుడు వినియోగదారుల కమిషను ఎదుట సాక్ష్యములుగా నిలుచునవియు ప్రధానముగా అవియే.

మొదట బరువు సంగతి. బండి ఆర్‌సీలో దాని ఖాళీ బరువు కిలోలలో వ్రాయబడియుండును. అంగడికి పోవుటకు ముందే ఆ యంకెను చూచుకొని, బండిలో సాధారణముగ నుండు సామాను బరువును దానికి కలిపి, ఆ మొత్తమునకు తక్కువ కాని సామర్థ్యము గల జాకీని అడుగవలయును. జాకీ ఒక్కసారి బండి యొక్క ఒక మూలనో, ఒక చివరనో మాత్రమే ఎత్తునది గనుక అంత సామర్థ్యమెందుకని కొందరు తర్కింతురు. కాని లోపలి సీళ్ళు అరిగిన నాడు, బరువు ఒక ప్రక్కకు ఒరిగిన నాడు ఆ మిగులు సామర్థ్యమే రక్షణ. చిన్న కారునకు రెండు టన్నుల జాకీ చాలును. బొలెరో వంటి బరువైన బండికి మూడు టన్నులది కొనుట యుక్తము. సామర్థ్యము జాకీ మీదనే చెరగని రీతిగా ముద్రింపబడియున్నదా, లేక డబ్బా మీది రంగు కాగితముపై మాత్రమే ఉన్నదా యను విషయమును తప్పక చూడవలయును. పిమ్మట వెల్డింగు అతుకులను, కడ్డీ చుట్టును ఆయిలు చెమ్మ యున్నదా లేదా యనుటను, దించు వాల్వు మెల్లగా విప్పినపుడు జాకీ మెల్లగా దిగుచున్నదా, లేక ఒక్కసారిగా కూలుచున్నదా యనుటను పరీక్షింపవలయును. వీలైనచో అంగడి ముందర ఉన్న బండినే ఎత్తించి, పావుగంట సేపు అట్లే నిలిపి, ఎత్తు తగ్గుచున్నదేమో కొలిచి చూచుట ఉత్తమము. అట్లు క్రుంగిపోవు జాకీని అప్పటికప్పుడే వలదనవలయును.

మన నేలను గూర్చి కూడ ఒక మాట చెప్పవలసియున్నది. ట్రాలీ జాకీ బండిని నిటారుగా పైకి లేపదు. దాని చేయి వంపుగా పైకి లేచును గనుక, ఆ కదలికకు అనుగుణముగా జాకీ తన చక్రములపై బండి క్రిందికి కొంచెము జరుగవలసియుండును. సిమెంటు గచ్చు మీద ఈ జరుగుట సులభము. వానాకాలమున మెత్తబడిన నల్లరేగడి మీదనో, గోదావరి ఇసుక పరచిన ముంగిట మీదనో చక్రములు దిగబడి జాకీ కదలక పోవును. అపుడు పైనున్న గిన్నె బండి అడుగుభాగమునుండి ప్రక్కకు జారిపోవును. అందుచేత గచ్చు లేని షెడ్డున ట్రాలీ జాకీ కొనువారు ముందుగా గచ్చు పోయించుకొనుట మంచిది. ఎన్నటికిని మరువరాని మరియొక నియమము గలదు: జాకీ ఎత్తుటకే గాని నిలుపుటకు కాదు. బండి లేచిన వెంటనే దాని క్రింద జాకీ స్టాండ్లు నిలిపి, నేల మీదనున్న చక్రములకు చెక్కదిమ్మలు అడ్డుపెట్టి, ఆ పిమ్మటనే క్రిందికి దూరవలయును. స్టాండ్లనైనను గ్రుడ్డిగా నమ్మరాదు. 2020లో అమెరికాలో హార్బర్ ఫ్రైట్ అను వ్యాపార సంస్థ తాను విక్రయించిన లక్షలాది జాకీ స్టాండ్లను, పళ్ళలో కొక్కెము తగినంత లోతుగా కూర్చొనక బరువు క్రింద హఠాత్తుగా దిగిపోవు ప్రమాదమున్నదని తేలినందున, వెనుకకు పిలువవలసి వచ్చెను; వాటికి బదులుగా ఇచ్చిన స్టాండ్లలో కొన్నింటికి వెల్డింగు లోపము కనుపడగా, వాటిని సైతము అదే సంవత్సరమున మరల పిలిచిరి. అట్టి అపాయకరమైన వస్తువులను అంగళ్ళనుండి వెనుకకు రప్పింపుమని ఆజ్ఞాపించు అధికారము మన దేశమునను కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థకు 2019 చట్టము ద్వారా లభించినది.

ఇక చట్టము. 1986 నాటి వినియోగదారుల రక్షణ చట్టమునకు బదులుగా వచ్చిన 2019 చట్టము, 2020 జూలై 20 నుండి అమలులోనికి వచ్చినది. దానిలోని ఆరవ అధ్యాయము, లోపభూయిష్టమైన వస్తువు వలన కలుగు హానికి ఉత్పత్తిదారును, విక్రేతను బాధ్యులను చేయు నియమములను ప్రత్యేకముగా ఏర్పరచినది. జాకీ తయారీలో లోపముండి అది కూలి చేయి విరిగినను, ప్రాణమే పోయినను, కారు నలిగినను, ఆ హానికి పరిహారము కోరవచ్చును. జాకీ ధరను వెనుకకు అడుగుట అందుకు భిన్నమైన మరియొక హక్కు. కొన్నవాడు మాత్రమే కాదు, అతని సమ్మతితో దానిని వాడుకొనువాడు కూడ వినియోగదారుడే. కావున తండ్రి కొన్న జాకీతో పనిచేయుచు గాయపడిన కుమారుడు తన పేరుతోనే ఫిర్యాదు చేయవచ్చును.

ఈ చట్టములో మన ప్రాంతపు కొనుగోలుదారునకు అత్యంత ప్రయోజనకరమని నేను తలచునది 86వ సెక్షను. తయారీదారు ఎవరో తెలియని వస్తువును అమ్మిన విక్రేత, లేదా తయారీదారు తెలిసినను అతనికి నోటీసు అందజేయుట సాధ్యము కానపుడు, లేక అతడు మన దేశ చట్టమునకు లోబడనివాడైనపుడు ఆ వస్తువును అమ్మిన విక్రేత, హానికి తానే బాధ్యుడగును. ఎక్కడ తయారైనదో వ్రాయని, కంపెనీ పేరు లేని చౌక జాకీని అమ్మిన అంగడివాడు, రేపు “నేను చేసినది కాదు గదా” యని తప్పించుకొనలేడు. డబ్బాలో వచ్చు సరుకుపై తయారీదారు లేక దిగుమతిదారు పేరు, చిరునామా, నెల, సంవత్సరము, గరిష్ఠ చిల్లర ధర, ఫిర్యాదులు చేయవలసిన చిరునామా, దిగుమతి వస్తువైనచో తయారైన దేశము ముద్రింపబడవలయునని తూనికలు కొలతల శాఖ నియమములు విధించుచున్నవి. ఇవి లేని డబ్బాను చూచిన వెంటనే చేతులు వెనుకకు తీసికొనుడు. ఐఎస్ఐ ముద్ర యున్నచో దాని క్రింది లైసెన్సు అంకెను బీఐఎస్ కేర్ యాపులో పెట్టి, ఆ ముద్ర నిజమైనదో కాదో క్షణములో తెలిసికొనవచ్చును.

రసీదు విషయమున మన జనులలో గల ఉదాసీనత నాకు మిక్కిలి బాధ కలిగించుచున్నది. బిల్లు లేనిచో కొంత తగ్గింతునని అంగడివాడు చెప్పగానే సంతోషించువారు, ఆ కొంత డబ్బుకు తమ రక్షణను అమ్ముకొనుచున్నారని గ్రహింపరు. బిల్లు ఇయ్యకుండుటయే అన్యాయ వ్యాపార పద్ధతియని చట్టము పేర్కొనుచున్నది. “అమ్మిన సరుకు వాపసు తీసికొనబడదు” అని బిల్లు క్రింద ముద్రించినంత మాత్రమున విక్రేత బాధ్యత తొలగిపోదు. బిల్లులో గడువు పేర్కొని యున్నచో ఆ గడువులోపలను, పేర్కొనని యెడల 30 దినములలోపలను, లోపమున్న వస్తువును వెనుకకు తీసికొని ధర చెల్లించుటకు నిరాకరించుట కూడ అన్యాయ పద్ధతియే. బిల్లుపై జాకీ కంపెనీ, మోడలు, సామర్థ్యము వ్రాయించుకొనుడు. “మూడు టన్నులు ఎత్తును” అని విక్రేత నోట చెప్పిన మాటను ఆ బిల్లుపైననే వ్రాయింపగలిగినచో, అది అతడిచ్చిన హామీకి తిరుగులేని ఆధారమగును. ఆన్‌లైనులో కొనువారు ఆర్డరు వివరములను, వస్తువు వర్ణన యున్న పుటను ఫోనులో భద్రపరచుకొనవలయును; అట్టి సంస్థ ఫిర్యాదు అందినట్లు 48 గంటలలో తెలుపవలయును, ఒక నెలలో పరిష్కరింపవలయును.

రహదారి ప్రక్క పంక్చరు షాపు నడుపుకొనువారును, ట్రాలీ ఆటో తోలుకొనువారును తమది వ్యాపారము గనుక తాము వినియోగదారులు కామని భ్రమపడుదురు. స్వయం ఉపాధి ద్వారా జీవనము గడపుకొనుటకు మాత్రమే కొన్న వస్తువు వాణిజ్య ప్రయోజనము క్రిందికి రాదని చట్టమే చెప్పుచున్నది. లక్ష్మీ ఇంజనీరింగ్ వర్క్స్ కేసులో 1995లో సుప్రీంకోర్టు, తానే నడుపుకొనుటకు ఆటోరిక్షా కొన్నవాడును, తానే పనిచేసికొనుటకు లేత్ మిషను కొన్నవాడును వినియోగదారులేయనియు, ఒకరిద్దరు సహాయకులను పెట్టుకొన్నంత మాత్రమున ఆ హోదా పోదనియు స్పష్టపరచినది. సహాయకుడైన ఒక కుర్రవానితో కూడి షాపు నడుపుకొను పంక్చరు పనివానికి ఆ తీర్పు అండగా నిలిచియున్నది.

ఎచట ఫిర్యాదు చేయవలయునను ప్రశ్న ఈ సరిహద్దున అన్యత్ర లేని చిక్కును తెచ్చిపెట్టుచున్నది. 1959లో తూర్పు గోదావరి నుండి ఖమ్మము జిల్లాలో చేరిన భద్రాచలము ప్రాంతము, 2014లో పోలవరము ముంపు కారణమున రెండుగా చీలి, పట్టణము తెలంగాణమున నిలువగా దాని చుట్టుప్రక్కల పల్లెలును, కూనవరము, చింతూరు, వరరామచంద్రపురము వంటి మండలములును ఆంధ్రప్రదేశమునకు పోయినవి. భద్రాచలమునకు కూతవేటు దూరముననున్న ఎటపాకవాసి తనకు కావలసినదెల్లను ఆ పట్టణముననే కొనుచు, పరిపాలన రీత్యా వేరొక రాష్ట్రమునకు చెందియున్నాడు. 1986 చట్టము ప్రకారము అతడు విక్రేత యున్న చోటనో, వివాదకారణము పుట్టిన చోటనో మాత్రమే ఫిర్యాదు చేయవలసి యుండెడివాడు. 2019 చట్టము ఫిర్యాదుదారు నివసించు చోటను, ఉపాధి గడపుకొను చోటను సైతము చేర్చినది గనుక, ఇపుడతడు తన రాష్ట్రపు జిల్లా కమిషనునే ఆశ్రయింపవచ్చును. తెలంగాణవాసులకు ఖమ్మము నగరమున జిల్లా కమిషను కలదు.

వస్తువు ధర 5 లక్షల రూపాయల లోపు ఉన్నచో ఫిర్యాదునకు రుసుము లేదు. 50 లక్షల వరకు జిల్లా కమిషనే విచారించును. వకీలు లేకయే ఎవరికి వారు వాదించుకొనవచ్చును; ఈ-జాగృతి వెబ్‌సైటు ద్వారా ఇంటినుండియే దాఖలు చేయవచ్చును. ముందుగా 1915 నంబరుకు ఫోను చేసి చెప్పుకొన్నచో కొన్ని వివాదములు అక్కడనే సమసిపోవుట కలదు. వివాదకారణము పుట్టిన నాటినుండి రెండు సంవత్సరములు దాటనీయరాదు. వకీలు కావలయునని తలచినచో, షెడ్యూల్డు తెగలకును, షెడ్యూల్డు కులములకును చెందినవారికిని, స్త్రీలకును ఆదాయముతో నిమిత్తము లేక ఉచిత న్యాయ సహాయమునకు 1987 నాటి న్యాయసేవల ప్రాధికార సంస్థల చట్టము హక్కు ఇచ్చినది గనుక, కోయ, కొండరెడ్డి సోదరులు జిల్లా న్యాయసేవల సంస్థను అడుగుటకు సంకోచింపనక్కరలేదు. 15100 అను నంబరు ఇందుకే ఏర్పడినది.

చట్టము ఎంత ఉదారమైనను దానికి కొన్ని హద్దులు కలవు. జాకీని దుర్వినియోగము చేసినపుడు, లేక వెల్డింగు చేయించి దాని ఆకృతిని మార్చినపుడు కలిగిన హానికి విక్రేతపై బాధ్యతా దావా నిలువదు; అందరికిని తెలిసిన, కంటికి స్పష్టమైన ప్రమాదమును గూర్చి హెచ్చరింపలేదని తయారీదారును నిందింపజాలము; మత్తులో నుండి వాడినవాడు హెచ్చరికలు చాలలేదని వాదింపజాలడు. స్టాండ్లు లేకయే బండి క్రింద పరుండినవాని వాదము బలహీనపడుటకు ఇంతకు మించిన కారణము వలదు.

ప్రమాదమే జరిగినచో, గాయపడినవానికి చికిత్స చేయించిన పిమ్మట, ఆ జాకీని ఎవరికిని ఇయ్యరాదు, మరమ్మతు చేయింపరాదు, పాత ఇనుమునకు అమ్మరాదు. అంగడివాడు “తెండు, కొత్తది ఇచ్చెదను” అన్నను వ్రాతపూర్వకమైన రసీదు లేనిదే అప్పగింపరాదు. పడియున్న స్థితిలోనే దానిని, నేలను, బండిని ఫోటోలు తీసి, ఆసుపత్రి కాగితములతో కలిపి భద్రపరచుడు. లోపము పరీక్ష లేనిదే తేలదని తోచినచో, కమిషను ఆ వస్తువునకు సీలు వేసి తగిన ప్రయోగశాలకు పంపును, 45 దినములలో నివేదిక కోరును. అట్టి కేసును 5 నెలలలో తేల్చుటకు యత్నింపవలయునని చట్టము నిర్దేశించినది.