నవల సినిమాకి ఇస్తున్నారా? ముందు కాగితం చూడండి

మీ నవలను సినిమా తీస్తామని ఫోనొస్తే సంతోషించండి. పేరు మారుస్తారేమోనని మాత్రం బెంగపడకండి. కోడూరి కౌసల్యాదేవి ‘చక్రభ్రమణం’ 1964లో ‘డాక్టర్ చక్రవర్తి’ అయింది. యండమూరి ‘డబ్బు టు ది పవర్ ఆఫ్ డబ్బు’ 1984లో ‘ఛాలెంజ్’గా వచ్చింది. చిరంజీవి బొమ్మ పక్కన అంత పొడుగు పేరు పోస్టరు మీద పట్టొద్దూ!

లోపలి కథా మారుతుంది. నాలుగు వందల పేజీలు రెండున్నర గంటల్లో ఇమడాలి. నాయిక మనసులో అనుకున్నది స్నేహితురాలితో పైకి అనిపించాలి. ఇద్దరు బాబాయిలు ఒక్కరైపోతారు. పాటలకు చోటు కావాలి. వీటి కోసం దర్శకుడితో తగువు దండగ. మీరు పట్టుబట్టాల్సింది కథ ఆయువుపట్టు మీద దెబ్బ పడేచోట.

‘ఆప్‌కా బంటీ’ నవలతో తీసిన ‘సమయ్ కీ ధారా’ విషయంలో హిందీ రచయిత్రి మన్నూ భండారీ కోర్టుకెక్కారు. 1986లో ఢిల్లీ హైకోర్టు చెప్పింది ఈ తేడా గురించే: తెరకు తగ్గట్టు మార్చుకునే స్వేచ్ఛ దర్శకుడికి ఉంది, రచయిత పరువు పోయేలా కథను వికృతం చేసే హక్కు లేదు. హక్కులు అమ్మేసినా కాపీరైట్ చట్టం 57వ సెక్షన్ రచయితకు ఆ రక్షణ మిగిల్చింది. అయినా సినిమా తయారయ్యాక కోర్టుల చుట్టూ తిరగడం ఎవరి వల్ల అవుతుంది? ముగింపు మార్చదలిస్తే ముందు మీకు చూపించాలనీ, నచ్చకపోతే టైటిల్స్‌లోంచి మీ పేరు తీసెయ్యాలనీ అగ్రిమెంటులోనే రాయించుకోండి.

నోటిమాటతో హక్కులు చేతులు మారవు. రాత, సంతకం ఉండాలి. 19వ సెక్షన్ ప్రకారం గడువు రాయకపోతే అయిదేళ్లు, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే. కొన్నవారు ఏడాదిలోగా హక్కు వాడుకోకపోతే అది తిరిగి మీదే, ఒప్పందంలో మరోలా లేకపోతేనే సుమా! నిర్మాత లాయరు రాసేది సరిగ్గా ఆ ‘మరోలా’నే: శాశ్వతంగా, ప్రపంచమంతటా, అన్ని రూపాల్లో. ఆ వరుస కనిపిస్తే పెన్ను మూత పెట్టెయ్యండి. తెలుగు సినిమాకి ఒక ధర, రీమేక్‌కి ఇంకోటి, వెబ్ సిరీస్‌కి వేరే అని విడగొట్టి అడగండి.

అన్నట్టు, సీరియల్‌గా వేసిన పత్రికకో, పుస్తకం అచ్చేసినవారికో సినిమా హక్కులు ఎప్పుడో రాసిచ్చేశారేమో పాత కాగితాలు తిరగెయ్యండి. సంతకాలయ్యి, అడ్వాన్సు చెక్కు క్లియరయ్యేదాకా ఇంకో నిర్మాత అడిగితే ‘ఇచ్చేశాను’ అనకండి.