గుండెకు చికిత్స, మనసుకు ధైర్యము

గ్రామమున ఒకరికి గుండెపోటు వచ్చినదనుకొందము. 108 వాహనము వచ్చును. పట్టణములోని ఆసుపత్రిలో వైద్యులు మూసికొనిపోయిన రక్తనాళమును తెరచి స్టెంటు అమర్చుదురు. కొలది దినములలో రోగి ఇల్లు చేరును. బంధుమిత్రులు వచ్చి, గండము గడచినదని సంతోషింతురు. అంతటితో పని ముగిసినదని మనమందరము తలంతుము.

కాని నెల దినముల తరువాత ఆ ఇంటివారిని అడిగి చూడుడు. ఆయన పొలము గట్టువరకైనను పోవుట లేదనియు, రాత్రులు నిద్ర పట్టక గుండెపై చేయి వేసికొని కూర్చుండుననియు, మనుమలు దరికి వచ్చినను మాటాడుట లేదనియు చెప్పుదురు. ఇది రెండవ జబ్బు. దీనిని గూర్చియు, దీనికై కొన్ని దేశములలో ప్రయత్నింపబడుచున్న ఒక క్రొత్త చికిత్సను గూర్చియు పంచాయతీ సభ్యులకు వివరింపదలచితిమి.

దిగులు చేయు హాని

గుండెపోటు వచ్చినవారిలో సుమారు 5గురికి ఒకరు తీవ్రమైన మనోవ్యాకులతకు లోనగుదురని పరిశోధనలు తెల్పుచున్నవి. కెనడా దేశమున మాంట్రియల్ హృద్రోగ సంస్థవారు 222 మంది రోగులను పరిశీలించి 1993లో ఫలితములను ప్రకటించిరి. వ్యాకులత గలవారిలో 6 నెలల లోపల మరణములు హెచ్చుగా ఉన్నట్లు అందు తేలినది. 2014లో అమెరికా హృదయ సంఘపు నిపుణులు, గుండెపోటు తరువాత ముప్పును పెంచు అంశములలో వ్యాకులతను కూడ చేర్చవలెనని సూచించిరి.

ఈ హాని రెండు త్రోవల వచ్చును. దిగులుపడినవాడు మాత్రలు సరిగా వేసికొనడు, నడువడు, మానిన చుట్టను మరల ముట్టించును. ఇది మొదటి త్రోవ. ఎడతెగని ఆందోళన వలన శరీరములో కొన్ని రసములు హెచ్చి, గుండె వేగమును రక్తపు పోటును పెంచును. రక్తము గడ్డకట్టు స్వభావము కూడ హెచ్చవచ్చును. ఇది రెండవ త్రోవ. కనుక దిగులును పిరికితనమని ఎంచి ఊరకుండుట తగదు.

కండ్లజోడులోని తోట

పూర్వము తిరునాళ్లలో బయస్కోపు పెట్టెకు కన్నాన్చి బొమ్మలు చూచినవారు మనలో కలరు. ఆ బొమ్మ ఎదుట మాత్రమే ఉండును. వర్చువల్ రియాలిటీ అను క్రొత్త సాధనము పెద్ద కండ్లజోడు వలె కన్నులను పూర్తిగా కప్పును. లోపల రెండు కన్నులకును కొంచెము భేదముగల రెండు చిత్రములు కనబడుటచేత, దృశ్యమునకు లోతు వచ్చును. తల త్రిప్పినచో, ఆ కదలికను యంత్రము కనిపెట్టి దృశ్యమును కూడ త్రిప్పును. అందువలన చూచువానికి తాను ఆ చోటనే ఉన్నట్లు తోచును. ఎత్తైన చోట్లనిన భయపడువారికి ఈ విధమున చేసిన చికిత్స ఫలితములను అమెరికా పరిశోధకులు 1995లోనే ప్రకటించిరి.

పోలండు దేశపు పరిశోధకులు దీనిని హృద్రోగులకు ఉపయోగించి చూచిరి. 2021లో వెలువడిన ఒక పరిశోధనలో 34 మంది పాల్గొనిరి. అందరును గుండెకు తగిన వ్యాయామము చేసిరి. అందు ఒక వర్గమువారు, దానితోపాటు సుమారు 20 నిమిషముల చొప్పున 8 పర్యాయములు ఈ కండ్లజోడు ధరించి ఒక కల్పిత ఉద్యానవనమున కూర్చుండిరి. మొదట ఆ తోట వెలవెలబోయి ఉండును. చికిత్స సాగిన కొలది చెట్లు చిగిర్చి, రంగులు నిండును. మృదువైన కంఠస్వరమొకటి మనసును ఊరడించుచుండును. తన ఆరోగ్యము కూడ ఇట్లే మరల చిగిర్చునను నమ్మకము రోగికి కలిగించుటయే దీని ఆంతర్యము. రెండవ వర్గమువారికి మామూలు విశ్రాంతి సాధన నేర్పిరి. తోటను చూచినవారిలో దిగులు, ఆందోళన తగ్గెను. రెండవ వర్గములో అట్టి మేలు కనబడలేదు.

తొందరపడరాదు

ఇది ఆశాజనకమే. అయినను 34 మందిపై జరిగిన పరీక్షను బట్టి దేశమునకంతకు తీర్పు చెప్పరాదు. ఈ తోట ఆయువును పెంచునని ఎవరును నిరూపింపలేదు. అమెరికాలో సుమారు 2,500 మంది రోగులకు సంబంధించి 2003లో వెలువడిన పెద్ద పరిశోధనలో, మాటలతో చేయు మానసిక చికిత్స వలన దిగులు తగ్గెను గాని మరణములు తగ్గలేదు. అనగా మనసుకు చేయు చికిత్స గుండె మాత్రలకు బదులు కాజాలదు. రోగి మరల మనుష్యులలో మనిషియై బ్రతుకుటకు మాత్రము అది తోడ్పడును. ఈ కండ్లజోడు వలన కొందరికి తల తిరుగును, వికారము పుట్టును. మూర్ఛవ్యాధి గలవారు వైద్యుని అడుగక ధరింపరాదు. శిక్షణ పొందిన వైద్యనిపుణుడు లేనిచోట అది ఆటవస్తువు మాత్రమే. కావున ఎవరైన వచ్చి దీనిని అమ్మజూపినచో పంచాయతీ సొమ్మును అందుకు వెచ్చింపవలదని మా సలహా.

మన చేతనైన పనులు

యంత్రము లేకున్నను దాని వెనుకనున్న సూత్రము మనకు ఉపయోగించును. భయపడిన మనసునకు ప్రశాంతతయు, నమ్మకమును, తోడును కావలెను. వీనిని గ్రామమే ఈయగలదు.

1. ఆసుపత్రినుండి వచ్చినవారి ఇంటికి ఆశా కార్యకర్త కొన్ని నెలలు వెళ్లి వచ్చుచుండునట్లు చూడవలెను. గడచిన రెండు వారములలో దేనియందును ఆసక్తి లేకుండెనా, దిగులుగా, నిరాశగా ఉండెనా అని రెండు ప్రశ్నలు అడిగిన చాలును. అవునన్నచో వైద్యునికి చూపవలెను. ఇంటిపనిలో దిగులును దాచుకొను స్త్రీలను మరువరాదు.

2. వైద్యుడు నడువుమన్న దూరము ఒంటరిగా నడుచుటకు రోగి భయపడును. ఇరుగుపొరుగు ఒకరు వెంట నడువవలెను.

3. రోగి ఎదుట ఇతరుల చావుకబుర్లు చెప్పరాదు.

4. టెలి మానస్ అను ప్రభుత్వ సేవ 2022 అక్టోబరు 10న ప్రారంభమైనది. 14416 నంబరుకు ఫోను చేసినచో రేయింబవళ్లు ఉచితముగా, తెలుగులోనే మాటాడవచ్చును. ఈ నంబరును పంచాయతీ కార్యాలయపు గోడపై వ్రాయింపుడు.

5. దిగులుకు మందులను సొంతముగా కొని వాడరాదు. వానిలో కొన్ని పాత మందులు గుండెకు హాని చేయును.

6. అన్నిటికంటె ముఖ్యమైన మాట యొకటి. రోగికి మరల ఛాతీలో నొప్పి, ఆయాసము, చెమటలు వచ్చినచో అది భయమే యని త్రోసివేయరాదు. వెంటనే 108ని పిలువవలెను. నొప్పి ఎందువలన వచ్చినదో నిర్ణయించుట వైద్యుని పని.

వైద్యులు రక్తనాళమును తెరచినారు. రోగి తన ఇంటి తలుపు తెరచికొని మరల వీధిలోనికి వచ్చునట్లు చేయుట మన వంతు. ఈ నెల సభలో, మీ గ్రామమున ఇట్లు ఇంటిలోనే కూర్చుండిపోయినవారు ఎందరున్నారో విచారింపుడు. ఆ మరునాడే వారిలో ఒకరి ఇంటికి వెళ్లి, "రండి, నాలుగడుగులు నడచి వత్తము" అని పిలువుడు.