పిల్లల ఒంట్లో హార్మోన్లు – ఇంటి అలవాట్లు: చేయవలసినవి, చేయకూడనివి

మైలవరం చుట్టుపక్కల తోట పనులు, వ్యాపారాలు, విజయవాడ ఉద్యోగాలు ముగించుకొని పెద్దలు ఇల్లు చేరేసరికి పొద్దుపోతుంది. పిల్లల భోజనం, నిద్ర కూడా ఆలస్యమవుతాయి. వాళ్లు చూడ్డానికి ఆరోగ్యంగానే ఉంటారు. కానీ 2016-18 సమగ్ర జాతీయ పోషకాహార సర్వేలో, బడి ఈడు పిల్లల్లో పదిమందిలో ఒకరు మధుమేహానికి ముందు దశలో ఉన్నట్టు తేలింది. రక్తంలోని చక్కెరను కణాలకు చేర్చే ఇన్సులిన్, ఆకలి పుట్టించే గ్రెలిన్, ఇక చాలని మెదడుకు చెప్పే లెప్టిన్ అనే హార్మోన్ల మీద తిండి, నిద్ర, ఆటల ప్రభావం ఎంతో ఉంటుంది. తిండి, నిద్ర, ఆటల వేళలు పెద్దల చేతిలోవే. అందుకే మారాల్సింది పిల్లలొక్కరే కాదు, ఇల్లంతా.

చేయవలసినవి

• రాత్రి భోజనం ఎనిమిదిలోపు, టీవీ కట్టేసి, అందరూ కలిసి చేయండి.

• కంచంలో అన్నం కాస్త తగ్గించి పప్పు, ఆకుకూర, గుడ్డు, పెరుగు పెంచండి. అప్పుడు చక్కెర ఒక్కసారిగా రక్తంలో చేరదు.

• మామిడిపండు రసం తీసి చక్కెర కలిపి ఇచ్చే బదులు, పండును ముక్కలు కోసి పెట్టండి.

• రోజూ కనీసం గంటసేపు చెమట పట్టేలా ఆడనివ్వండి. కండరాలు కదిలితే ఇన్సులిన్ బాగా పనిచేస్తుంది.

• 6-12 ఏళ్లవారికి 9-12 గంటలు, 13-18 ఏళ్లవారికి 8-10 గంటల నిద్ర ఉండాలి.

• బిడ్డ ఎత్తుకు సరిపడా తాడు తీసుకొని సగానికి మడవండి. అది నడుము చుట్టూ అందాలి. అందకపోతే డాక్టరుకు చూపించండి.

చేయకూడనివి

• మార్కులు వచ్చాయని కూల్‌డ్రింకు కొనివ్వకండి. 250 మిల్లీలీటర్ల కోలాలో దాదాపు 25 గ్రాముల చక్కెర, అంటే ఐదారు చెంచాలు ఉంటుంది.

• మెడ వెనక, చంకల్లో నల్లగా, మందంగా మారిన చర్మాన్ని మురికనుకొని రుద్దకండి. ఇన్సులిన్ సరిగా పనిచేయడం లేదనడానికి అది గుర్తు కావచ్చు.

• లావుగా ఉన్నారని వెక్కిరించకండి, పస్తులుంచకండి, బరువు తగ్గించే పొడులు ఇవ్వకండి.

• సన్నగా ఉన్నారు కదా అని ధీమా పడకండి. బరువు తక్కువగా పుట్టిన మన శిశువుల్లోనూ ఒంట్లో కొవ్వు శాతం ఎక్కువని పుణెలో డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్ పరిశోధనలు చూపాయి.

• పక్కలో ఫోను ఉంచుకోనివ్వకండి.

• ఇంట్లో ఎవరికైనా షుగర్ ఉంటే డాక్టరు దగ్గర దాచకండి.

ఆలస్యం చేయకూడని లక్షణాలు

విపరీతమైన దాహం, మాటిమాటికీ మూత్రం, మానేసిన పక్కతడుపు మళ్లీ మొదలవడం, ఉన్నట్టుండి బరువు తగ్గడం కనిపిస్తే అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లి రక్తపరీక్ష చేయించండి. వాటితోపాటు వాంతులు, ఆయాసం, మగత ఉంటే ప్రాణాపాయం. క్షణం ఆగకండి.

అమ్మానాన్నలారా, తాతయ్య నాయనమ్మలారా! పిల్లలు మనం చెప్పింది కాదు, మనం చేసేదే నేర్చుకుంటారు. వేళకు తినడం, నడవడం, పడుకోవడం ముందు మనమే మొదలుపెడదాం.