చిత్రకారుడి పేరు – లెక్కకు రాని ఆస్తి



"మా వాడు బొమ్మలు బాగా వేస్తాడు. కానీ బొమ్మలు కూడు పెడతాయా సార్?" అని బొమ్మసంద్రలో తల్లిదండ్రులు నన్ను అడుగుతుంటారు. నేను బి.కాం. చదివి, బ్యాంకు గుమస్తాగా రిటైరైనవాణ్ణి. కాబట్టి నాకు తెలిసిన లెక్కల భాషలోనే జవాబు చెబుతాను.

వ్యాపారానికున్న మంచి పేరును గుడ్‌విల్ అంటారు. డబ్బిచ్చి కొన్న గుడ్‌విల్‌నే ఖాతాల్లో ఆస్తిగా చూపిస్తారు. సొంతంగా సంపాదించుకున్నది చూపించరు. చిత్రకారుడి పేరు ఈ రెండో రకం. మనుషుల బొమ్మలతో పేరు తెచ్చుకున్న ఇద్దరు తెలుగువారిని చూడండి.

దామెర్ల రామారావు 1897లో రాజమండ్రిలో జన్మించారు. అక్కడి కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే దొర ఆయన ప్రతిభను గుర్తించి, బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చదువుకునేందుకు తోడ్పడ్డారు. రామారావు సొంత ఊరిలోనే చిత్రకళాశాల స్థాపించి, 1925లో మశూచితో మరణించారు. అప్పటికి 28 ఏళ్లు నిండలేదు. వరదా వెంకటరత్నం వంటి మిత్రులు ఆ కృషిని కొనసాగించారు. రాజమండ్రిలో ఆయన పేరిట ఆర్ట్ గ్యాలరీ వెలిసింది. బొమ్మలను భద్రపరిచినవారు ఉన్నారు కనుకనే పేరు మిగిలింది.

తోట వైకుంఠం 1942లో కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో పుట్టారు. హైదరాబాదులో చదివి, బరోడాలో కె.జి. సుబ్రహ్మణ్యన్ వద్ద నేర్చుకున్నారు. పెద్ద బొట్టు, నిండు రంగుల చీరలతో తెలంగాణ పల్లె స్త్రీలు ఆయన బొమ్మల్లో కనిపిస్తారు. సినిమాకూ పనిచేసి, 1988 నాటి 'దాసి' చిత్రానికి కళాదర్శకుడిగా జాతీయ అవార్డు పొందారు. తన ఊరిలో చూసిన మనుషులనే ఏళ్ల తరబడి గీసి పేరు సంపాదించారు.

తల్లిదండ్రులకు ఒక హెచ్చరిక. వేలంలో బొమ్మ లక్షలు పలికిందని పేపర్లో చదువుతాం. ఆ సొమ్ములో ఎక్కువ భాగం బొమ్మను అమ్మిన యజమానిదే, గీసినవారిది కాదు. పేరు వేరు, నెలసరి ఆదాయం వేరు. అందుచేత చిత్రకళతోపాటు డిజైన్, యానిమేషన్, బోధన వంటి ఒక జీవనోపాధిని కూడా పిల్లలు నేర్చుకోవాలి.

మన బెంగళూరులో కర్ణాటక చిత్రకళా పరిషత్ ఉంది. ఇంటర్ తర్వాత అక్కడ చిత్రకళలో డిగ్రీ చదవవచ్చు. ఏటా జరిగే చిత్రసంతెకు పిల్లలను ఒకసారి తీసుకువెళ్లండి. బొమ్మలు వేసేవారిని, కొనేవారిని ఒకేచోట చూస్తారు.

విద్యార్థులారా! వేసిన ప్రతి బొమ్మ మీద తేదీ వేసి, సంతకం చేసి, ఫైల్‌లో దాచుకోండి. మీ గుడ్‌విల్‌కు మొదటి పద్దు అదే.