దాచిన కాగితం దొరకాలంటే: లినక్స్‌లో ఫైళ్ల వెతుకులాట



"నేను ఫీజు కట్టిన అమ్మాయి రసీదు ఒకసారి చూపిస్తారా?" అని దాత అడిగితే వెంటనే చూపించగలగాలి. కాగితం కంప్యూటర్లో ఉండి కూడా దొరక్కపోతే ఇచ్చినవారికి అనుమానం, తీసుకున్నవారికి అవమానం. మన కార్యాలయంలో లినక్స్ పెట్టుకున్నాం. దానికి లైసెన్సు ఖర్చు లేదు. హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థ కార్యకర్తల వంటివారి శ్రమ వల్ల అది తెలుగులోనూ వచ్చింది. అయితే అందులో ఫైళ్లు వెతికే సాధనాలు చాలా ఉన్నాయి. అందరి చేతికీ మొదట అందేలా దేన్ని ఉంచాలన్నదే ప్రశ్న.

కోల్డ్ స్టోరేజీలో మిర్చి టిక్కీలు వెతకడం మనకు తెలిసిందే. రిజిస్టరు చూసి చెప్పవచ్చు, లేదా లోపలికి వెళ్లి వరస వరసా చూడవచ్చు. 'ఫైండ్' అనేది రెండో రకం. ప్రతి ఫోల్డరూ అప్పటికప్పుడు తిరిగి చూస్తుంది. ఆలస్యమైనా, ఇప్పుడు ఉన్నదే చెబుతుంది. 'లొకేట్' రిజిస్టరు చూసి క్షణంలో చెబుతుంది. డెబియన్‌లో ఇప్పుడు దాని స్థానంలో ఇంకా వేగమైన 'పీలొకేట్' వచ్చింది. కానీ ఆ రిజిస్టరు మామూలుగా రోజుకొక్కసారే తాజా అవుతుంది. పొద్దున స్కాన్ చేసిన దరఖాస్తును మధ్యాహ్నం అడిగితే లేదంటుంది. కొత్త వాలంటీరు ఆ మాట నమ్మి, ఆ తల్లిని మళ్లీ కాగితాలు తెమ్మని పంపుతాడు. మిర్చి కోతల రోజుల్లో ఒక పూట కూలీ, ఆటో ఛార్జీ పోయేది ఆమెకే.

మూడో రకం సాధనాలు ఫైలు పేరే కాదు, లోపలి మాటలు కూడా ముందే చదివి పెట్టుకుంటాయి. కేడీఈ డెస్క్‌టాప్‌లో 'బాలూ', విడిగా వేసుకునే 'రీకాల్' ఇలాంటివే. చాలామంది ఇదే మేలంటారు. నాకు మాత్రం భయం ఇక్కడే. అందరూ ఒకే లాగిన్ వాడే కంప్యూటర్లో 'విడాకులు' అని కొడితే చాలు, సాయం అడిగిన ఆడవాళ్ల పేర్లన్నీ తెరమీద వరస కడతాయి.

అందుకని 'క్యాట్‌ఫిష్' పెడదామని నా సలహా. చిన్న కిటికీలో పేరు కొడితే చాలు, కమాండ్లు అక్కర్లేదు. పాత కంప్యూటర్లోనూ నడుస్తుంది. వైద్య, కుటుంబ విషయాల ఫోల్డరు కార్యదర్శి లాగిన్ కిందే, ఇతరులకు తెరుచుకోకుండా ఉండాలి. రీకాల్ కావాలంటే అక్కడే వేసుకోవచ్చు.

ఏ సాధనమైనా పేరు సరిగ్గా ఉంటేనే పనిచేస్తుంది. మనలో సగం మంది ఇంటిపేరు షేక్. ఇంగ్లీషులో ఒకరు రెండక్షరాలతో, ఒకరు ఐదక్షరాలతో, ఇంకొకరు ఆరక్షరాలతో రాస్తారు. కంప్యూటరుకు అవి ముగ్గురు వేర్వేరు మనుషులు! ఊరు, జిల్లా చూసి వెతుకుదామంటే, అద్దంకి 2022 ఏప్రిల్ 4న ప్రకాశం నుంచి బాపట్ల జిల్లాలోకి వెళ్లింది. ఒకే కుటుంబం పాత దరఖాస్తులో ఒక జిల్లా, తర్వాతి దాంట్లో ఇంకో జిల్లా ఉంటాయి. కాబట్టి ఫైలు పేరు మొదట సంవత్సరం, తర్వాత దరఖాస్తు నంబరు, ఆ తర్వాతే మనిషి పేరు. నంబరుకు స్పెల్లింగు తేడా ఉండదు. స్కాన్ చేసిన కాగితం కంప్యూటరుకు ఉత్త బొమ్మే గనుక, దానికి ఈ పేరు మరీ ముఖ్యం.

తెలుగులో టైపు చేసినవాటికి ఇంకో చిక్కుంది. డీటీపీ సెంటర్లలో అనూ ఫాంట్లతో కొట్టింది తెరమీద తెలుగే, లోపల మాత్రం వేరే గుర్తులు. యూనికోడ్‌లో 'రసీదు' అని కొట్టి వెతికితే అందులో దొరకదు. ఈ సంచిక కూడా ప్రెస్సుకు అనూలోనే వెళ్తోంది. అందుకే ప్రతి వ్యాసానికీ యూనికోడ్ ప్రతి ఒకటి విడిగా దాచాం.