హొరైజన్ యూరప్: సుస్థిర రవాణా, ఇంధన పరిశోధనకు నిధులు

పోటీ పరీక్షల ప్రత్యేకం

* నిర్వచనం: పరిశోధన, నవకల్పనలకు ఐరోపా సమాఖ్య (ఈయూ) నిధులిచ్చే 9వ చట్ర కార్యక్రమం.
* కాలం: 2021–2027. దీనికి ముందుది హొరైజన్ 2020 (2014–2020).
* ప్రారంభ కేటాయింపు: 9,550 కోట్ల యూరోలు.
* స్తంభాలు: 3.
* క్లస్టర్ 5: వాతావరణం, ఇంధనం, రవాణా. ★
* బృందం: సాధారణ నియమం ప్రకారం మూడు వేర్వేరు ఈయూ సభ్య లేదా అనుబంధ దేశాల నుంచి కనీసం 3 స్వతంత్ర సంస్థలు. ఒకటి తప్పనిసరిగా సభ్య దేశానిది. ★
* సాయం: పరిశోధన ప్రాజెక్టులకు అర్హమైన ఖర్చులో 100%. నవకల్పన ప్రాజెక్టులకు 70%, లాభాపేక్ష లేని సంస్థలకు 100%.

భారత్–ఈయూ

* శాస్త్ర, సాంకేతిక ఒప్పందం: 2001.
* స్వచ్ఛ ఇంధన, వాతావరణ భాగస్వామ్యం: 2016.
* వాణిజ్య, సాంకేతిక మండలి: ప్రకటన 2022 ఏప్రిల్, ఏర్పాటు 2023 ఫిబ్రవరి. ★
* 2025 ఉమ్మడి ప్రాజెక్టు ప్రతిపాదనల పిలుపుల్లో ఒకటి: వ్యర్థాల నుంచి హైడ్రోజన్.
* గుర్తుంచుకోండి: హొరైజన్ యూరప్ ప్రాజెక్టుల్లో భారత సంస్థలు భాగస్వాములు కావచ్చు. నిధులు మాత్రం అన్ని పిలుపుల్లోనూ దక్కవు. అందుకే ముందుగా అర్హత నిబంధన చదవాలి.

మన తిరుపతి పరిశోధన సంస్థలు

* ఐఐటీ, ఐసర్: రెండూ 2015లో మొదలయ్యాయి. శాశ్వత ప్రాంగణాలు ఏర్పేడు వద్ద.
* ఆధారం: ఏపీ పునర్విభజన చట్టం–2014, 13వ షెడ్యూల్. ★


★ అడిగే అవకాశం ఎక్కువ.